జెరూషా మెడలోని తాడు

శనివారపు సూర్యుడు అడవి వెనక కూలిపోయాడు... విశ్రాంతి దినం మొదలైంది!

కఠిన నియమాల క్రైస్తవులైన ఆ ప్యూరిటన్ల ఊళ్ళో ఇక ఎవరూ గడప దాటరు. బావిలో చేద పడదు. నెత్తిన ఉరుములు దొర్లుతున్నా తలుపు తెరిచి చూసేవాడుండడు. ప్రార్థనా మందిరం కప్పు మీద గుడ్లగూబ ఒక్కటే కూస్తోంది...

జెరూషా ఇంట్లో ఆరు వారాల ఆడబిడ్డ, కంఫర్ట్ అని పేరు పెట్టుకున్న పసికందు, ఊపిరాడక గిలగిలలాడుతోంది. దాని మెడ చుట్టూ ఎర్రటి వాత... తాడు బిగించినట్టు! కానీ తాడున్నది తల్లి మెడలో.

గురువారమే వేశారు దాన్ని. మొగుడు సముద్రం మీదకు పోయి రెండేళ్ళయింది, బిడ్డ ఎవరిదని నిలదీశారు. పురిటినొప్పుల్లో మంత్రసాని అడిగింది. నిండు సభలో న్యాయాధికారి అడిగాడు. జెరూషా పెదవి విప్పలేదు. పేరు చెబితే బిడ్డ బతకదని దాని తండ్రి, చర్చి పెద్ద ఎలిఫలెట్, ముందే బెదిరించాడు. ఊరి ముందు సిగ్గుపడాలని, ముక్కాలిపీట ఎక్కించి ఆమె మెడలో ఉరితాడు వేశారు. ఏడాదిపాటు తీయరాదన్నారు. ఆ తాడు కొస జానెడు కోసి ఎలిఫలెట్ దాచుకోవడం జెరూషా చూసింది.

సోమవారం మళ్ళీ విచారణ. బిడ్డ ఉంటే ప్రశ్న ఉంటుంది.

జెరూషాకు అంతా అర్థమైంది. బిడ్డను ఎత్తుకుని గడప దాటింది.

పక్కింటి కిటికీ కిర్రుమంది. "ఏమే! విశ్రాంతి దినాన వీధిన పడ్డావా? సిగ్గు లేదూ?"

"గురువారం మీరంతా కలిసి ఒలిచేశారుగా వదినా! ఇంకెక్కడ మిగిలింది?"

ఎలిఫలెట్ పశువుల కొట్టంలో నల్ల కొవ్వొత్తి... దాని ముందు కపాలం! దవడకు చుట్టిన జానెడు తాడుకు రెండు ముళ్ళు పడ్డాయి. మూడోది అతని వేళ్ళ మధ్య ఉంది.

"వచ్చావా? పాపం నా ఒక్కదానిదేనని తల వంచు. సిగ్గుతో వంగిన మెడ దొరికితే ఈ కపాలం నీ బిడ్డను వదిలేస్తుంది. లేదా... మూడో ముడి!"

జెరూషా తల ఎత్తింది. కొట్టం తలుపులు బార్లా తెరిచింది.

"మంత్రసానమ్మా! పేరు అడిగావుగా, విను! దీని తండ్రి ఎలిఫలెట్! మీ ముందు వరసలో కూర్చునే ఎలిఫలెట్!"

ఆ నిశ్శబ్దంలో కేక ప్రతి పొయ్యి దగ్గరకూ చేరింది. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి...

"ఎవరూ, మన ఎలిఫలెట్టే? ఉరితాడు వెయ్యమని మొన్న గొంతు చించుకుంది ఆయనేగా!" ఎవరో పకాలున నవ్వారు.

ఎలిఫలెట్ ముఖం పాలిపోయింది. బతుకులో మొదటిసారి అతని తల వంగింది.

కపాలం దవడ తెరుచుకుంది! ముళ్ళు వాటంతటవే విడిపోయాయి. జానెడు తాడు బారెడై, సర్పంలా లేచి ఆ వంగిన మెడకు చుట్టుకుంది...

"వద్దు... జెరూషా... ఆపమను దాన్ని..."

ఆమె బిడ్డతో బయటికి నడిచింది. వెనక పిడుగు పడింది. కొట్టం భగ్గుమంది!

కంఫర్ట్ కెవ్వున ఏడ్చింది. మెడ మీద వాత లేదు.

లాంతర్లు పట్టుకుని ఊరంతా గడప దాటి వచ్చింది. న్యాయాధికారి గొంతు సవరించుకున్నాడు. "ఆ తాడు తీసెయ్యమ్మా."

"ఏడాది అన్నారుగా. ఉండనివ్వండి. రోజూ మీరు చూడాలి."

మర్నాడు ప్రార్థనలో ఎలిఫలెట్ బల్ల మీద జెరూషా కూర్చుంది. మెడలో తాడు, రొమ్మున బిడ్డ. లేవమని ఎవరూ అనలేదు.