లైట్లు వేస్తే పెరిగే చప్పుడు

బండి ఎవరు నడిపారని మెకానిక్ శ్రీశైలం అడిగిన తీరే మల్లికకు నచ్చలేదు.

"నేనే," అంది.

అతను నమ్మనట్టు ఓ చూపు చూసి బానెట్ ఎత్తాడు.

వికారాబాద్‌లో తాండూరు రోడ్డు మీద అతని షెడ్డు. పొద్దున్నుంచి ముసురు. రేకుల మీద వాన, రేకుల కింద పాత పికప్ ట్రక్కు. రోడ్డు మీద పోతుంటే చప్పుడు అంతగా తెలియదు. ఆపి, ఇంజన్ అలా ఆన్‌లో ఉంచితే చాలు, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టక్ టక్‌మంటుంది.

మల్లికది పూడూరు దగ్గర పల్లె. తండ్రి అంజిలయ్య కాలు విరిగినప్పటి నుంచి, రెండేళ్లుగా గొర్రెలను తాండూరు అంగడికి తీసుకుపోయేది ఆమే. వారం కిందట ఈ చప్పుడు మొదలైంది. పాత బండ్లు కొనే తాండూరు దశరథం విని, ఇంజన్ బేరింగ్ పోయిందన్నాడు. ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద పట్టేస్తుందని భయపెట్టి, బండి తనకే ఇచ్చేలా అంజిలయ్యతో మాట తీసుకున్నాడు. ఇవాళ నాలుగింటికి వచ్చి తీసుకుపోతాడు. బండి పోతే మల్లిక ఇంట్లో కూర్చోవాల్సిందే. ఒక్క మెకానిక్‌కైనా చూపిద్దామని తండ్రిని బతిమాలి, దశరథాన్ని షెడ్డుకే రమ్మని చెప్పించి బండి ఇక్కడికి తెచ్చింది. అప్పటికి ఒంటిగంటన్నర.

హెడ్‌లైట్లు వేస్తే చప్పుడు పెరుగుతుందని ఆమె చెప్పింది. లైట్లకూ ఇంజన్‌కూ సంబంధం ఏమిటని అతను తీసిపారేశాడు. మళ్లీ చెప్పింది. జర పక్కకు నిలబడమన్నాడు. మెకానిక్‌లందరినీ అన్నా అని పిలిచే మల్లిక ఇతణ్ని మాత్రం అలా పిలవలేదు. కోపంతోనే అనుకుంది.

ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్‌దే తప్పని అతని అనుమానం. నాలుగు డీజిల్ పైపుల నట్లను ఒక్కొక్కటే వదులు చేసి విన్నాడు. ఏ పైపు వదులు చేసినప్పుడు చప్పుడు మారితే తప్పు అక్కడే అని. నాలుగూ అయ్యాయి. చప్పుడు మారలేదు.

చెయ్యి తుడుచుకుని, ఇంజన్ కింద నుంచి విప్పాల్సిందేనన్నాడు. ఎంతసేపని మల్లిక అడిగింది. రెండు రోజులన్నాడు. స్టూలు మీద కూర్చున్న అంజిలయ్య కర్ర అందుకుని లేచి, ఇక చాలు, పోదాం బిడ్డా అన్నాడు.

మల్లిక కదల్లేదు. "వినకుండనే విప్పుతా అంటవేంది?" అంది.

శ్రీశైలం నట్లు విప్పే పానా పక్కన పెట్టాడు. తర్వాత మెల్లిగా చెప్పాడు. నిరుడు ఓ లారీ చప్పుడు విని, ఏం ఫికర్ లేదు పొమ్మన్నాడట. మర్నాడే ఘాట్‌లో ఇంజన్ పట్టేసింది. డ్రైవర్ బతికి బయటపడ్డాడు, అంతే. అప్పటి నుంచి ఏ బండి వచ్చినా విప్పి కళ్లతో చూస్తే తప్ప మాట చెప్పడు.

"నా చెవుల మీద నాకు నమ్మకం లేదు," అన్నాడు.

"అయితే నావి నమ్ము. రెండేండ్ల సంది గీ బండి మాటే వింటున్న."

అతను తల తిప్పి ఆమెను సరిగ్గా చూశాడు. ముక్కుపుడక పక్కన ఓ వానచుక్క నిలిచి ఉంది. ఆమె కళ్లల్లో కూడా నీళ్లున్నాయేమోనని భయం వేసింది అతనికి.

"లైట్లు వెయ్యి," అన్నాడు.

వేసింది. టక్ టక్ పెరిగింది. ఆర్పింది. తగ్గింది. మళ్లీ వేయమన్నాడు. మళ్లీ పెరిగింది.

లైట్లు వేస్తే బరువు పడేది కరెంటు పుట్టించే డైనమో మీద. శ్రీశైలం ఇంజన్ ఆపించి, డైనమోను తిప్పే బెల్టు ఊడదీశాడు. ఒక్క నిమిషం స్టార్ట్ చేయమన్నాడు. మల్లిక తాళం పట్టుకుంది. తిప్పింది.

ఇంజన్ మామూలుగా గురగురలాడింది. సుత్తి చప్పుడు లేదు.

బెల్టు తిరిగే చక్రాన్ని, డైనమో పుల్లీని, చేత్తో పట్టి ఊపితే పాలపన్నులా కదిలింది. అరిగింది ఇంజన్ బేరింగ్ కాదు, డైనమోలోని చిన్న బేరింగ్. శ్రీశైలం బజారుకు పరుగెత్తి కొత్తది తెచ్చి బిగిస్తుండగానే దశరథం వచ్చాడు. సంగతి విని నవ్వాడు. చిన్న చప్పుడు పోగానే పెద్ద రోగం పోతుందా, ఘాట్ ఎక్కితే తెలుస్తుంది అన్నాడు. అంజిలయ్య ముఖం మళ్లీ వాడిపోయింది.

ఘాట్ మాట వినగానే శ్రీశైలం చేతిలో పానా ఆగిపోయింది. అది మల్లిక చూసింది.

"ఎక్కిద్దాం. నేను పక్కన కూసుంట," అన్నాడు అతను.

అనంతగిరి ఘాట్ నిండా పొగమంచు. లైట్లు వేసి మల్లిక రెండో గేర్‌లో ఎక్కించింది. శ్రీశైలం ఊపిరి బిగబట్టి వింటున్నాడు. మూడో మలుపులో ఠంగ్‌మంది. అతని ముఖం తెల్లబోయింది. ఆమె బ్రేక్ వేసింది. కిందికి చూస్తే, ఒళ్లోంచి జారిపడిన అతని పానాయే, కాళ్ల దగ్గర దొర్లుతోంది.

మల్లికకు నవ్వాగలేదు. కాసేపటికి అతనికీ ఆగలేదు.

పైన బండి ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచింది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అతను కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. కళ్లు తెరిచేసరికి ఆమె అతన్నే చూస్తోంది.

"సర్వీసుకు మల్ల ఎప్పుడు రావాలె?" అని అడిగింది.

"అయిదు వేల కిలోమీటర్లు తిరిగినంక." ఓ క్షణం ఆగాడు. "గంత దూరం నేను ఆగలేను, మల్లికా."

ఆమె వైపర్ల వైపు చూస్తూ ఉండిపోయింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఆదివారం అంగడి లేదు. నాయిన ఇంట్లనే ఉంటడు," అంది.

కిందికి దిగి షెడ్డుకు వచ్చాక, అక్కడే ఆగిన అంజిలయ్య ఒక్కసారి ఇంజన్ విని, బండి ఇవ్వనని దశరథానికి చెప్పేశాడు.

ఆదివారం శ్రీశైలం పిల్లను అడగడానికి తన తల్లి భాగమ్మను వెంటబెట్టుకుని మల్లిక ఇంటికి వచ్చాడు. అంజిలయ్య ఊరూ ఇంటిపేరూ అడిగి తెలుసుకున్నాడు. తర్వాత కర్ర ఒళ్లో పెట్టుకుని శ్రీశైలం వైపు తిరిగాడు. గుమ్మం వెనక మల్లిక గాజులు కదలకుండా పట్టుకుని నిలబడింది.

"పెండ్లయినంక గూడ నా బిడ్డ బండి నడుపుతది. నీకేమన్న ఇబ్బందా?"

"నడపకుంటేనే నాకు పరేషాన్, మామా."

మామా అన్న మాట చెవిన పడగానే మల్లిక తల్లి సుమిత్రమ్మ లోపలికి పోయింది. మాట ఖాయమైనట్టే పిడికెడు చక్కెర తెచ్చి ముందు భాగమ్మ నోట్లో, తర్వాత పిల్లగాని అరచేతిలో పోసింది.