ఊచలు పీకిన కిటికీ

విశాఖపట్నం మీద జపాను బాంబులు పడిన ఏడాది, రైలు దొరికినవాళ్లు రైల్లో, దొరకనివాళ్లు ఎడ్లబళ్లలో వచ్చి చీపురుపల్లిలో తలదాచుకున్నారు. పశువుల సాలలకు కూడా అద్దెలు పుట్టాయి. సుభద్రమ్మ అల్లుడికి హార్బరులో సెలవు లేదు. నెలలు నిండిన కూతురు కదలలేదు. వాళ్ల రెండేళ్ల పాప కుమారిని మాత్రం చంకనేసుకుని సుభద్రమ్మ వచ్చేసింది.

"గుంటని మల్లా నా సేతిలో ఎడతావు కదమ్మా?" అని బయల్దేరేటప్పుడు పాప తల నిమురుతూ కూతురు మరీ మరీ అడిగింది.

"ఎడతాను" అని మాటిచ్చింది ముసలమ్మ.

జగన్నాధం షావుకారు మేడమీద గది దొరికింది. కింద అతని కాపురం. మెట్లు దిగేది అతని నట్టింట్లోకే. గదికి గాలి ఉంది, వెలుతురు ఉంది. వంకల్లా ఒక్కటే. వీధివైపు కిటికీకి ఊచల్లేవు. ఊచలు దిగిన బెజ్జాలు మాత్రం చట్రంలో కిందా మీదా పళ్లూడిన చిగుళ్లలా కనబడుతున్నాయి.

మొదటిరోజే కుమారి పెట్టె మీదకెక్కి ఆ కిటికీ గట్టున నిలబడింది. సుభద్రమ్మ ఒక్క అంగలో వెళ్లి లాక్కుంది.

"సావుకారు బాబూ, ఊసలెట్టించండి. గుంట పడిపోతాది."

"ఇనుమంతా యుద్ధానికి పోతన్నాదమ్మా. నానేటి సేసీది?"

"మీ డబ్బుపెట్టి తాళం పోనేదేటి యుద్ధానికి?"

షావుకారు నవ్వలేదు. "నచ్చితే ఉండు. ఈ ఇంట్లో ఇంతవరకూ ఒక్క సావు నేదు. ఇలాటి ఇల్లు నీకు దొరకదు" అన్నాడు.

చావు సంగతి ఇతన్ని ఎవరడిగారు?

పాప పడిపోతుందన్న భయం ఒక్కటే అయితే బాగుండేది. రానురాను ఇంకోటి కనిపెట్టింది సుభద్రమ్మ. గట్టెక్కిన పాప వీధిలోకి చూడటం లేదు. ఎదురుగా, సరిగ్గా తన ఎత్తులో, ఏమీ లేని గాలిలోకి చూస్తోంది. ఎత్తుకోమన్నట్టు చేతులు చాస్తోంది.

ఇనుము లేకపోతే వెదురు. తనని అక్క వరసలో పిలిచే వడ్రంగి ఎర్రన్నకి కబురంపింది. అతను కిటికీ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అప్పా, ఈ ఊసలు పీకింది నానే."

"ఎందుకురా?"

"నీకు ముందు జగ్గమ్మని ఒకర్తి ఉండేది. ఎవుల్లేని మనిషి. జొరం ముదిరిపోనాది. అప్పుడే కిందన సావుకారు కూతురి పెళ్లికి రాట ఏసినారు. ఇంట్లో సావు కూడదు, పోయీ మనిసిని పెళ్లింట్లోంచి తియ్యకూడదు అన్నాడు. సాపలో సుట్టి, తాళ్లు కట్టి, ఈ కిటికీలోంచి దించినారు."

"శవాన్నా?"

ఎర్రన్న తల వంచుకున్నాడు. "ఊపిరుండగానే. నేలకి తగల్లేదప్పా... మద్దిలోనే పోనాది."

సుభద్రమ్మ ఒళ్లు మండిపోయింది. ఇంట్లో చావు లేదట! నిజమే. ఇంట్లోనూ కాదు, నేలమీదా కాదు. అద్దెకున్న మనిషికి ప్రాణం విడవడానికి కూడా జానెడు చోటివ్వని మహానుభావుడు!

పాప మళ్లీ పెట్టె ఎక్కబోతోంది.

"కొట్టు మేకులు" అంది ముసలమ్మ. "ఆ యమ్మంటే నాకూ జాలే. అయితే ఈ గుంటని దాని తల్లికి నాను ఒప్పసెప్పాల."

ఎర్రన్న వెదురు బద్దలు దగ్గర దగ్గరగా దిగ్గొట్టి, పొద్దు వాలుతుండగా వెళ్లిపోయాడు.

మబ్బు కమ్మింది. విమానాల భయానికి ఊళ్లో ఎవరూ దీపం బయటికి కనబడనివ్వడం లేదు. వీధి వీధంతా చీకట్లో మునిగింది. తడిమట్టి వాసన వచ్చింది. అందులో కలిసి ఇంకో వాసన... చెమట పట్టిన తుంగచాప వాసన. పాప పక్కమీద నిద్రపోతోంది. కుక్కలు కూడా అరవడం లేదు.

కిర్రు...

బరువు మోస్తున్న తాడు చప్పుడు. సుభద్రమ్మ కిటికీవైపు చూసింది. బద్దలు కదల్లేదు. బయటే ఉంది, లోపలికి రాలేదు అనుకుంది. కాస్త ఊపిరి పీల్చుకుంది.

కిర్రు... కిర్రు...

కిటికీ దగ్గర కాదు.

తలమీద. గది దూలం దగ్గర.

అది లోపలే ఉంది. మేకులు కొట్టేటప్పుడూ లోపలే ఉంది. బయటికి పోయే దారిని తనే మూయించింది.

"అప్పా..." గుసగుస. చెవి పక్కనే. "దించకండి..."

సుభద్రమ్మ పైకి చూడకుండానే చేతులు జోడించింది. "దించనమ్మా... నిన్నెవులూ దించరు. గుంటనొగ్గెయ్..."

కిటికీ మీద పడి వెదురు పట్టుకు లాగింది. గోళ్లు విరిగాయి. మేకు కదల్లేదు. లాగింది... లాగింది... ఎప్పుడాగిందో, వెనక చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూసింది. దూలం కింద ఏమీ లేదు. చాప వాసన పోయింది. పాప అలాగే నిద్రపోతోంది.

తెల్లారగానే ఎర్రన్న చూసిపోదామని వచ్చాడు.

"ఉన్నఫళంగా ఎలిపోతాను. ఇంతకంటే బాంబులే నయం" అని సుభద్రమ్మ పాపని ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది. రాత్రంతా మేలుకున్న నీరసం అనుకుంది. "నువ్వెత్తుకోరా."

ఎర్రన్న వంగి ఎత్తాడు. మెడనరాలు తేలాయి. పాపని భుజాన వేసుకుని ఒక్కో మెట్టే దిగాడు. సగం మెట్లలో ఆగిపోయాడు.

"ఏటిరా? బేగి దిగు."

"అప్పా..." గోడకి ఆనుకున్నాడు అతను. "ఆ దినం తాడట్టుకున్నోలలో నానొకడిని. ఈ బరువు... నా సేతులకి ఎరికే."

కింద నట్టింట్లో షావుకారు పూజ గంట మోగుతోంది. ఎర్రన్న కిందికి అడుగు వెయ్యలేదు. పైకీ ఎక్కలేదు. పైమెట్టు మీద నిలబడ్డ సుభద్రమ్మకి, ఎవరూ దించరని రాత్రి తనిచ్చిన మాట గుర్తొచ్చింది; దిగమని మళ్లీ అనలేదు.

అతని భుజం మీద పాప కళ్లు తెరవలేదు. వేళ్లు మాత్రం... ఒక్కొక్కటే... అతని మెడ చుట్టూ బిగుస్తున్నాయి.