ఎర్రదీపం వెలిగించు!

1962 వేసవి. మిట్టమధ్యాహ్నం... దయ్యాలకు అర్ధరాత్రి ఒక్కటే వేళ అనుకునేవాళ్ళు పెనుకొండ కోట మీద పన్నెండు గంటల ఎండను చూడలేదన్నమాటే!

గాలి లేదు. ఆకు కదలదు. కూలిన బురుజు సందులో ఒక గుడ్లగూబ పట్టపగలే కళ్ళు విప్పి భయంకరంగా మూలిగింది... హిందూపురంలో ఫోటో స్టూడియో నడిపే మార్కండేయులు ఆ కూత వినలేదు. అతని ప్రాణమంతా కెమెరాలో ఉంది. అందులో ఉన్నది ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్! మానవనేత్రానికి అగోచరమైన వెలుగును పట్టే ఫిల్మ్! పచ్చటి చెట్టు అందులో వెన్నపూసలా తెల్లగా పడుతుంది, నీలాకాశం కాటుకలా నల్లబడుతుంది. పెళ్ళి ఫోటోలు తీసి తీసి విసుగెత్తిన మార్కండేయులుకు ఈ పిచ్చి పట్టి ఏడాదయింది. పిచ్చి అనే అనాలి. లేకపోతే కట్టుకున్న భార్యను ఆ వేళప్పుడు పాడుబడిన కోటకు ఎవడు తీసుకొస్తాడు!

"మామా, ఈడ నాకు బాగలేదు. ఎవరో నా ఎనక నిలబడుకోని ఉండారు," అంది వేపచెట్టు కింద నిలబడిన ఈశ్వరి.

"ఎవరూ లేరు లేవే. కదలొద్దు!"

క్లిక్!

ఆ రాత్రి కటికచీకట్లో ఫిల్మ్ కడిగి ఆరబెట్టాడు. మర్నాడు స్టూడియో చీకటిగదిలో ఎర్రదీపం కింద ఫోటో కాగితాన్ని మందులో ముంచాడు. పక్కన నింగప్ప అనే ముసలివాడు కూర్చుని ఉన్నాడు. అగళి వైపు మనిషి, కోట దిగేటప్పుడు ఎదురయ్యాడు. "నీ ఫోటో చూడాలని ఉండాదప్పా," అంటూ వెతుక్కుని వచ్చాడు. తన పిచ్చిని మెచ్చుకునేవాడు దొరికితే మార్కండేయులుకు ఒళ్ళు తెలియదు కదా!

బొమ్మ మెల్లగా తేలింది. నల్లని ఆకాశం... తెల్లని వేప... మైనంలాంటి ముఖంతో, కళ్ళ చోట చీకటి గుంటలతో ఈశ్వరి... ఆమె వెనక, కపాలహస్తుడై నింగప్ప!

మార్కండేయులు గుండె ఝల్లుమంది.

"ఆడనే ఉంటినబ్బా! నీ కంటికి కనపడలే, నీ పెట్టెకు కనపడితి," అని వికటంగా నవ్వాడు మాంత్రికుడు. "నీ పెండ్లాం ప్రాణం ఇంక ఈ ఫిల్ములోనే ఉండాది. అమావాస్యకు వస్తా!"

స్టూడియో వెనక ఇంట్లోంచి కేక... ఒళ్ళు జలదరించే కేక!

ఆనాటి నుంచి ఈశ్వరి ఈశ్వరి కాదు. జుట్టు విరబోసుకుని మంచం మీద కూర్చుంటుంది. ధర్మవరంలో మగ్గం ముందు పెరిగిన పిల్ల... లేని మగ్గం మీద లేని నాడె విసురుతూ చేతులు ఆడిస్తుంది. గొంతు మాత్రం నింగప్పది! "నేస్తాండా... దీని పాడెగుడ్డ నేస్తాండా!"

ధర్మవరం నుంచి పరుగున వచ్చిన తల్లి వెంకటక్క ఆ గొంతు విని గోడకు తల కొట్టుకుంది. "నా బిడ్డను ఏం చేసినావు అల్లుడా?" మార్కండేయులే కోటకు తీసుకెళ్ళి నిలబెట్టాడు. కదలొద్దన్నాడు. రోజురోజుకూ ఈశ్వరి ముఖం ఫోటోలోలాగే మైనమైపోతోంది, ఒళ్ళు చల్లబడుతోంది.

అమావాస్య నాటి మిట్టమధ్యాహ్నం నింగప్ప కపాలంతో వచ్చి స్టూడియో పెరట్లో ఎండలో కూర్చున్నాడు.

"నా ఒళ్ళు పాతబడిపోయెనప్పా. నన్నూ అట్లాంటి ఫిల్ములోనే పట్టు. రెండు ఫిల్ములూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే కాయితం మీద అచ్చెయ్యి. దాని ఒళ్ళు నాదైతాది! కాదంటివా..."

పిడికిలి బిగించాడు. లోపల ఈశ్వరి ఊపిరాడక గిలగిల్లాడింది. "ఒప్పుకో అల్లుడా!" అని వెంకటక్క ఆక్రోశించింది. మార్కండేయులు కెమెరా నిలబెట్టాడు.

క్షుద్రబీజాక్షరాలు గొణుగుతూ నింగప్ప ఊపిరి బిగబట్టాడు. క్లిక్! మబ్బు లేని ఆకాశంలో ఫెళఫెళా ఉరుము... అంత ఎండలోనూ మాంత్రికుడి నీడ మాయమైంది! అతని ప్రాణం ఫిల్ములోకి దిగింది.

చీకటిగదిలో మార్కండేయులు చెయ్యి అలవాటుగా ఎర్రదీపం ఆర్పబోయింది. నింగప్ప మణికట్టు పట్టుకున్నాడు. ఆ వేళ్ళు శవం వేళ్ళు!

"చీకట్లో నన్ను మోసం చేద్దామనా? ఆ పొద్దు ఎర్రదీపంలోనే కదా కడిగితివి? వెలిగించు!"

మార్కండేయులుకు అప్పుడర్థమైంది. ఆ రోజు మాంత్రికుడు చూసింది ఫిల్మ్ కాదు, కాగితం కడగడం. ఎర్రని వెలుగు కాగితాన్ని ఏమీ చేయదు. కానీ ఈ ఫిల్మ్ ఆ వెలుగును గటగటా తాగేస్తుంది, బొమ్మ సర్వనాశనమవుతుంది! అయితే... ఈశ్వరి? వీడు పోతూ పోతూ ఆమెను కూడా లాక్కుపోతే? నోరు విప్పి నిజం చెబితే ఆమె ఎలాగూ దక్కదు.

"మీ ఇష్టం స్వామీ," అని ఎర్రదీపం వత్తి పెద్దది చేశాడు. ఫిల్మ్ బయటికి తీసి, దాని ముఖాన దీపం చూపించి, మందులో ముంచాడు.

ఫిల్మ్ నల్లబడింది... అంచు నుంచి అంచుకు, చుక్క తెలుపు లేకుండా!

"ఆ... ఆఁ! ఏం చేస్తివిరా!" నింగప్ప పాదాలు నల్లబడ్డాయి. మోకాళ్ళు... రొమ్ము... కంఠం... తెరిచిన నోరు తెరిచినట్టే మాడిపోయింది. కపాలం ఫటేలున పగిలింది. వెలుగును దొంగిలించి బతకాలనుకున్నవాడిని వెలుగే భక్షించింది! నేల మీద గుప్పెడు మసి మిగిలింది.

మార్కండేయులు పడుతూ లేస్తూ ఇంట్లోకి పరిగెత్తాడు. వెంకటక్క ఒళ్ళో ఈశ్వరి కళ్ళు తెరిచి ఉంది. చేతులు కదలడం లేదు.

"అమ్మా... దప్పికయితాండాది."

ఆమె గొంతే! మార్కండేయులు చిన్నపిల్లవాడిలా భోరుమన్నాడు. తర్వాత భయంభయంగా పాత ఫిల్మ్ తీసి చూశాడు. వేపచెట్టు ఉంది. దాని కింద ఈశ్వరి లేదు, వెనక నింగప్పా లేడు. ఆమె బయటికి వచ్చేసింది.

మిగిలిన ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ అంతా పొయ్యిలో వేశాడు. కొన్నాళ్ళకు ధర్మవరంలో, పుట్టింటి పెరటి వేప కింద నిలబడి ఈశ్వరే అడిగింది. "ఒక ఫోటో తియ్యి మామా. అందరి మాదిరి ఫోటో."

మామూలు ఫిల్మే. అయినా కాగితం కడిగేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఎంతసేపటికో తెరిచాడు.

ఆకులు నల్లగా ఉన్నాయి. ఆకాశం తెల్లగా ఉంది. ఈశ్వరి వెనక ఎవరూ లేరు.