బీరువాలో పై అర

తెల్లవారగానే తల్లి మంచం దిగి, దాని మీద రాత్రి ఎవరూ పడుకోనట్టే సర్దేసింది. దుప్పటి మూలలు పరుపు కిందికి మడిచింది, స్నానాలగదిలో కుళాయి మీది నీటిచుక్కలు తుడిచింది. హోటల్లో గదులు సర్దే పనితోపాటు ఇచ్చిన గది ఖాళీ చేసి వచ్చి రెండేళ్ళయినా, ఆమె చేతులకు ఆ సంగతి ఇంకా తెలియలేదు. ఒళ్ళు అలిసిపోయినా చేతులు మాత్రం ఆగవు.

కూతురు కిటికీ వైపు చూసి మళ్ళీ తిరిగేసరికి టీ కప్పు లేదు.

"అమ్మా! ఇంకా తాగుతున్నాను."

"అయ్యో, తాగేశావనుకున్నానే."

"కాసేపు కదలకుండా కూర్చుంటే నన్ను కూడా కడిగి బోర్లించేస్తావు నువ్వు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఆరకముందే చెప్పేయాలనుకుంది కూతురు.

"నాకు ఉద్యోగం వచ్చిందమ్మా. కొండ మీద హోటల్లో, రిసెప్షన్లో. గదీ, భోజనమూ వాళ్ళే ఇస్తారు. ఆదివారం చేరమన్నారు."

కుళాయి కింద తల్లి చేతులు ఆగిపోయాయి.

భర్త పోయినప్పుడు ఆమె కూడా అలాగే సంబరపడింది, పనితోపాటు నీడా దొరికిందని. పిల్లల్ని ఉంచుకోవడానికి వీల్లేదని తర్వాత చెప్పారు. పాప పిన్ని దగ్గర పెరిగింది. సెలవు దొరికినప్పుడల్లా తల్లి వెళ్ళి చూసి వచ్చేది. పాప పెద్దదై చిన్న ఉద్యోగంలో చేరాక ఈ రెండు గదులు అద్దెకు తీసుకుని, ఇన్నాళ్ళకు తల్లీకూతుళ్ళు ఒకచోట పడ్డారు.

"వద్దు," అంది తల్లి.

"ఎందుకు వద్దు?"

"కూడూ గూడూ ఒకడి చేతిలోనే ఉంటే ఇక నోరెత్తలేవే! జ్వరమొచ్చినా పడుకోవాలంటే భయం. సెలవు రోజున కూడా తలుపు కొడతారు, ఎలాగూ ఇక్కడే ఉన్నావుగా అంటూ. నేను అన్నేళ్ళు పడ్డది మళ్ళీ నిన్ను అలాంటి చోటికే పంపడానికా?"

"మరి నీ సంగతి? రోజంతా లాండ్రీలో నిలబడి వస్తావు. పడుకోబోతూ మోకాళ్ళు పట్టుకుని మూలుగుతావు. నాకు వినపడదనుకుంటావా? అక్కడైతే నాకు ఖర్చుండదు. ఈ ఇంటి అద్దె నేను కడతాను. నువ్వు లాండ్రీ మానేయ్."

"నా కోసం నువ్వేం త్యాగాలు చెయ్యక్కర్లేదు. అద్దె భారమైతే ఈ ఇల్లు వదిలేద్దాం. నేనెక్కడైనా సర్దుకుంటాను."

ఆ మాటతో కూతురికి ఒళ్ళు మండింది.

"అవును, ఎక్కడైనా సర్దుకుంటావు! ఇక్కడా అదేగా చేస్తున్నావు. నీ బట్టలు ఇంకా మంచం కింద సూట్‌కేసులోనే ఉన్నాయి. ఎవరు పొమ్మంటారని? బీరువాలో పై అర ఎప్పుడైనా తెరిచి చూశావా?"

"అది నీదనుకున్నాను."

"నీదే! వచ్చిన రోజే కాగితం పరిచి ఉంచాను. నా బట్టలు కుర్చీ మీద కుప్ప పోసుకున్నాను గానీ అందులో పెట్టలేదు. ఇవాళ పెడతావు, రేపు పెడతావు అని చూస్తూనే ఉన్నాను." "చిన్నప్పుడు ఎలాగూ నువ్వు హోటల్లో ఉన్నావు. ఇప్పుడు ఇంట్లో కూడా గెస్టులాగే ఉంటే ఇంక నాకు అమ్మ ఎప్పుడు దొరుకుతుంది?"

తల్లి తడి చేతులతోనే కుర్చీలో కూలబడింది. కుప్పగా ఉన్న బట్టలు పక్కకి జరపాలని కూడా తోచలేదు.

"భయమే చిట్టీ," అంది. "నాది అనుకున్న మర్నాడే ఖాళీ చెయ్యమంటారేమోనని."

కూతురు వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఆ రోజు కుళాయి మీది నీటిచుక్కలు ఎవరూ తుడవలేదు.

ఆదివారం పొద్దున తల్లి మంచం కింద నుంచి సూట్‌కేసు లాగింది. అందులోని బట్టలు ఒక్కొక్కటే తీసి పై అరలో పెట్టింది. ఖాళీ సూట్‌కేసు కూతురి ముందుకు తోసింది.

"దీంట్లో సర్దుకో. ఒక్కమాట విను. వెనక్కి రావడానికి నాకు ఇల్లు లేదు, అందుకే నోరు మూసుకుని పడున్నాను. నీకుంది. ఎవరైనా తేడాగా మాట్లాడితే అడిగెయ్. పొమ్మంటే నవ్వుతూ వచ్చెయ్."

కూతురు తలూపింది. సర్దుకోవడం అయ్యాక, అమ్మకు పని తప్పిద్దామని తన మంచం మీద నలిగిన దుప్పటి మడవబోయింది.

తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. హోటల్లో గెస్టులు వెళ్ళాకే మేం దుప్పట్లు తీసేది. నువ్వొచ్చేదాకా నీది అలాగే ఉంటుంది."