ఏరిన ముక్కలు

ఉదయం ఎనిమిది కాకముందే బడి వంటమ్మ ఇంట్లో తన భర్త కంచం ముందేసుకుని కూర్చుంది. కూరలోంచి బీన్స్ ముక్కలు, క్యారెట్ ముక్కలు ఒక్కొక్కటే ఏరి తన గిన్నెలో వేసుకుంటోంది. ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు, కళ్లు మూసుకున్నా వేళ్లు పొరపాటు పడవు. కంచంలో మాంసం, బంగాళాదుంప, చిక్కటి రసం మాత్రమే మిగలాలి. కూరగాయ ముక్క పంటికింద పడితే ఆమె భర్త దర్జీగారికి రాయి పడ్డట్టే.

దర్జీగారు ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగో రోజు. యాభై మూడేళ్లకే పక్షవాతం వచ్చింది. కాలు కొంచెం కదులుతోంది కానీ, కత్తెర పట్టే కుడిచెయ్యి ఎవరిదో అన్నట్టు ఒళ్లో పడి ఉంటోంది. “ఒక్క తిండి వల్లే అనలేం. వేసుకోని బీపీ మాత్రలున్నాయి, ఉప్పుంది. కానీ ఇకమీదట రోజూ కూరగాయలు తినాల్సిందే. రెండోసారి వస్తే మా చేతుల్లో ఉండదు” అని డాక్టరమ్మ కటువుగానే చెప్పింది. వంటమ్మ తలూపింది. తలూపడానికేం, ఎవరైనా ఊపుతారు.

ఆఫీసుకు తయారై వచ్చిన కూతురు ఆ వేళ్లను చూసి వంటగది గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏం చేస్తున్నావమ్మా?”

“కనబడట్లా? నాన్నకి పెడుతున్నా.”

“పెడుతున్నావా, తీస్తున్నావా?”

“ముక్కలు తీస్తే ఏమైందే? గంటసేపు ఉడికించా. సారమంతా రసంలోకి దిగిపోయిందిగా.”

ఇన్నేళ్లూ ఆ ఒక్క మాటతోనే ఆమె తన మనసుకు సర్దిచెప్పుకుంది. కూతురు బ్యాగు తీసి బల్లమీద కొట్టింది. దేశదేశాల నుంచి వచ్చే జబ్బుల వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆ పిల్ల ఉద్యోగం.

“ఏ దేశం కాగితం తీసినా ఇదే గోలమ్మా! ఉన్నవాళ్ల దేశం, లేనివాళ్ల దేశం అని లేదు. కూరగాయలు దొరక్క కొందరు, దొరికినా తినక కొందరు. గుండెపోట్లు, పక్షవాతాలు. ఏటా లక్షల మంది పోతున్నారు. అదంతా ఎక్కించి ఇంటికొస్తే ఆ వరసలో మా నాన్న! దొరక్క కాదు, మా అమ్మ ఏరి పారేసి!”

“పారెయ్యలేదు. నేనే తిన్నా.”

“తిన్నావ్! అందుకే నువ్వు గుండ్రాయిలా ఉన్నావ్. బళ్లో మూడొందల మంది పిల్లలకి వండుతావ్. ఎవడైనా ఒక్క క్యారెట్ ముక్క వదిలేస్తే గరిటె పట్టుకుని నెత్తిన నిలబడతావట. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత!”

“నోర్ముయ్!” వంటమ్మ లేచింది. “నీకేం తెలుసే? పెళ్లైన ఆరో రోజు. ఒక్క బీన్స్ ముక్క తగిలిందని మీ నాన్న కంచం గోడకేసి కొట్టాడు. వాడికేం ఇష్టమో కనుక్కోవద్దా అని మా అత్త నామీదే లేచింది. గోడ నేనే కడిగా. ఆ పూట నుంచి ఏరుతున్నా. మొగుణ్ణి ఎంత బాగా చూసుకుంటుందో అన్నారందరూ. ప్రేమా, గాడిదగుడ్డా! భయంతో ఏరా. ఎప్పుడో ఆ భయం పోయింది. చెయ్యి మాత్రం ఆగలేదు.”

ఇంతలో పక్కగదిలోంచి కాలు ఈడ్చుకుంటూ, గోడ పట్టుకుని దర్జీగారు వచ్చారు. అంతా విన్నట్టే ఉంది ముఖం.

“నేను... కంచం విసిరానా?” మాట ముద్దగా వచ్చింది. “నాకు గుర్తే లేదే.”

వంటమ్మకు అసలు కోపం అప్పుడొచ్చింది. అంతవరకూ వచ్చింది దానిముందు ఏపాటి!

“గుర్తు లేదా? మీకు గుర్తైనా లేనిదానికి నేను ఇరవై ఎనిమిదేళ్లు వంగి వంగి ఏరానా? ఏరి ఏరి మిమ్మల్ని నా చేతుల్తోనే మంచాన పడేసుకున్నానా?” ఏడుపొచ్చినా మాట ఆపలేదు. “చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఒప్పుకుంటా. అయినా సరే, ఇక నేను ఏరను. విసురుతారా, విసరండి. ఎడమ చెయ్యుందిగా!”

ముక్కలన్నీ ఉన్న తన గిన్నెను ఆయన ముందుకు తోసింది.

దర్జీగారు కుర్చీలో కూలబడి, ఎడమచేత్తో చెంచా అందుకున్నారు. బీన్స్ ముక్క రెండుసార్లు జారిపోయింది. సాయం చెయ్యబోయిన కూతుర్ని వంటమ్మ కళ్లతోనే ఆపింది.

“అమ్మా, ఇందాక నేనన్నవి...” అంటూ కూతురు తల్లి భుజం పట్టుకుంది.

“అనాల్సిందే అన్నావులే. ముందే అని ఉండాల్సింది” అంది వంటమ్మ ఆ చేతిని వదిలించుకోకుండా.

మూడోసారికి ముక్క నోట్లోకి చేరింది. దర్జీగారు చాలాసేపు నమిలారు. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదికి వచ్చాయి.

“తప్పు చేశానే” అన్నారు. ముక్క మింగి, “బాగాలేదు” అన్నారు, చిన్నపిల్లాడిలా.

“బాగుండక్కర్లేదు” అంది వంటమ్మ కళ్లు తుడుచుకుంటూ, ఇంకా కోపంగానే. “మీరు ఉండాలి.”

ఆయన ఇంకో ముక్క కోసం గిన్నెలోకి చెంచా పెట్టారు.