ఆయమ్మ అన్న మాట

పొద్దున్నే లేచి ప్రమీల నలుగురికీ ఉప్మా చేసింది. ఐర్లండ్‌లోని గాల్వేలో కూతురు దుర్గ కిరాయికుంటున్న చిన్న ఇల్లది. వంటగది కిటికీ అవతల సన్నటి వాన పడుతోంది. దుర్గ ఇక్కడ నర్సుగా పనిచేస్తోంది. సెలవు పెట్టి, కారు కిరాయికి తీసుకుని, అమ్మానాన్నలకూ నానమ్మకూ పడమటి తీరమంతా తనే నడిపి చూపిస్తోంది.

"నానమ్మా, శాలువా కప్పుకో. ఇయ్యాల కొండ కొసకు పోతున్నం. కింద అంత సముద్రమే," అంది దుర్గ.

"నిన్న గూడ సముద్రమే చూపిస్తివి గదనే. గీ దేశంల అడివి లేదా?" అంది ముత్తక్క.

దుర్గ పడీపడీ నవ్వింది. తండ్రి రాంబాబు మాత్రం నవ్వలేదు. "అమ్మా, బయట జర మెల్లగ మాట్లాడు. అందరు మనదిక్కే చూస్తున్నరు," అన్నాడు.

ప్రమీల గరిటెను ఠంగున పెట్టింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె లోపల రగులుతూనే ఉంది. రాంబాబు కొత్తగూడెంలో గనుల ఆఫీసరు. మణుగూరు అవతల అడవిలో కోయగూడెంలో పుట్టాడు. తల్లి ఇప్పపువ్వు ఏరి, తునికాకు కోసి చదివిస్తే పైకొచ్చాడు. ఇక్కడికొచ్చాక ఏ ఊళ్లో ఆగినా పబ్బుకు పోదామనేవాడు. పబ్బంటే ఉత్త తాగుడు కొట్టు కాదని, పిల్లాపెద్దా కలిసొచ్చి తిని, పాటలు విని పోతారని దుర్గ చెప్పింది. అయినా తల్లిని మాత్రం కారులోనే కూర్చోబెట్టేవాడు. దుర్గ అడిగితే "నానమ్మే రానన్నది" అనేవాడు. కాసేపటికి రొట్టెముక్కలు తెచ్చి కారు అద్దంలోంచి అందించేవాడు. ముత్తక్క తీసుకుని కారులోనే తినేది.

మధ్యాహ్నం కొండ కొసన గాలి మనిషిని నిలవనివ్వడం లేదు. దుర్గ కారు పెట్టడానికి వెళ్లింది. ఇంతలో తెలుగు మాటలు చెవినపడి ఒక జంట వచ్చి పలకరించారు. జయప్రకాశ్, నిర్మలాదేవి. సొంతూరు సత్తుపల్లి దగ్గర, ఖమ్మంలో వ్యాపారమట. మన జిల్లావాళ్లేనని రాంబాబు పొంగిపోయాడు. మాటల మధ్య జయప్రకాశ్ చూపు ముత్తక్క చేతులమీది పచ్చబొట్ల మీద పడింది.

"పెద్దావిడ ఎవరండీ?"

రాంబాబు తల్లికి అడ్డంగా జరిగాడు. "మా పాపను పెంచిన ఆయమ్మండీ. ఒక్కసారి చూసిపోతనంటే తీసుకొచ్చినం."

ప్రమీల చటుక్కున తిరిగింది. అత్తవైపు చూసింది. ముత్తక్క సముద్రంవైపు తిరిగి నిలబడి ఉంది. విన్నదో లేదో తెలియలేదు.

"సాయంత్రం పబ్బులో కలుద్దామండీ," అంటున్నాడు రాంబాబు. "ఏం కల్చరండీ వీళ్లది!"

సాయంత్రానికి వాన ముదిరింది. రాంబాబు ఏదో అనబోయేలోపే దుర్గ నానమ్మ చెయ్యి పట్టుకుని పబ్బులోకి నడిపించింది. లోపల పొయ్యి వెచ్చగా మండుతోంది. ఒక మూల ఎవరో ఫిడేలు వాయిస్తున్నారు. బీరు గ్లాసుతో కూర్చున్న ఒక తెల్ల ముసలమ్మ ముత్తక్కను చూసి నవ్వుతూ పక్కకు జరిగి, మంట దగ్గర చోటిచ్చింది. భార్యతో ముందే వచ్చి కూర్చున్న జయప్రకాశ్ అందరికీ బీరు తెప్పించాడు. దుర్గ నానమ్మకూ ఒక చిన్న గ్లాసు ఇచ్చింది.

ముత్తక్క గ్లాసులో వేలు ముంచి, పోయిన పెద్దలను తలుచుకుని రెండు చుక్కలు నేలమీద చల్లింది.

రాంబాబు మొహం మాడిపోయింది. "ఈడగూడ ఆ మోటు పన్లేనా? లే, పోయి కారుల కూసో!"

"పోనీలెండి," అని నిర్మలాదేవి సర్దిచెప్పబోయింది. "పనివాళ్లకేం తెలుస్తుంది పాపం."

"పనివాళ్లా? ఎవరాంటీ?" అంది దుర్గ అయోమయంగా.

ప్రమీల లేచి నిలబడింది. "పనిమనిషి కాదండీ. మా అత్తమ్మ. ఈయన్ని కన్నతల్లి."

"ప్రమీలా, కూసో. ఇంటికి పోయినంక మాట్లాడుకుందాం."

"ఇంట్ల ఇన్నేండ్లు నోరు మూసుకున్న ఫలితమే ఇది! కొత్తింట్ల పాలు పొంగించిననాడు, దేవుడికని ఆమె అడివిల నుంచి మోసుకొచ్చిన ఇప్పసారా మోరీల పారబోసినవ్. ఆఫీసరు దోస్తులొస్తే ఆమెను వెనక అర్రల పెట్టి గడియ వేసినవ్. ఈడ గ్లాసు పట్టుకుని ఫొటోలు దిగుతున్నవ్. వీళ్లు తాగితే కల్చరు, నీ తల్లి మొక్కి తాగితే మోటుతనమా? సిగ్గుపడాల్సింది ఆమెను చూసి కాదు!"

పెళ్లైన ఇన్నాళ్లలో ఆమె భర్తను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. ఫిడేలు ఆగిపోయింది. దుర్గ తండ్రివంక చూస్తోంది. "నానమ్మను ఆయమ్మ అన్నవా నాన్నా?"

దానికి జవాబు ముత్తక్క చెప్పింది. గొంతులో ఏడుపు లేదు.

"అన్నడు బిడ్డా. నేను ఇన్న. కొండమీదనే నీ చెంప పగలగొట్టేదాన్ని రాంబాబూ. అంతలనే నీ బిడ్డ వస్తుండె. బిడ్డ ముంగట తండ్రి తల దించుకోవద్దని ఊకున్న. నీకు నేనంటే నామోషీ. నాకు నువ్వంటే ఎన్నడు నామోషీ కాలే. ఇయ్యాల అయితున్నది."

రాంబాబు దిగ్గున లేచి తలుపు తోసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

ఎవరూ ఆపలేదు. నిర్మలాదేవి తన కుర్చీ వదిలి వచ్చి, "తెలీక అన్నానండీ, క్షమించండి," అని ముత్తక్క చెయ్యి పట్టుకుంది. ప్రమీల వచ్చి అత్త పక్కన కూర్చుంది. అన్నందుకు ఆమెకు బాధ లేదు. ఇన్నాళ్లు అననందుకే తనమీద తనకు కోపంగా ఉంది.

చాలాసేపటికి రాంబాబు తిరిగొచ్చాడు. ఒళ్లంతా తడిసి ముద్దయింది, కళ్లు ఎర్రబడ్డాయి. జయప్రకాశ్ ముందు నిలబడ్డాడు. "నేను అబద్ధం చెప్పినండీ. ఈమె మా అమ్మ. పేరు ముత్తక్క. మేం కోయవాళ్లం," అన్నాడు. తల్లి కాళ్ల దగ్గర నేలమీదే కూలబడ్డాడు.

ముత్తక్క అతన్ని వెంటనే దగ్గరకు తీసుకోలేదు. తర్వాత శాలువా తీసి, విసురుగా అతని తల తుడుస్తూ కోయ భాషలో ఏదో అడిగింది. రాంబాబు తడుముకుంటూ అదే భాషలో జవాబు చెప్పాడు. అతని నోట ఆ భాష రావడం ప్రమీల ఎన్నడూ వినలేదు.

"ఏమన్నది నాన్నా?" అడిగింది దుర్గ.

"ఏమన్న తిన్నవా కొడుకా అంటున్నది," అన్నాడు రాంబాబు. తల్లి ఒడిలో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.