మేడ తలుపు మీద చప్పుడు

నాగమణి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు గిన్నె అందుకుంది. సూర్యాపేట మీద మంచు దుప్పటిలా పరుచుకుని ఉంది. ఎదురింటి గేటు కూడా కనబడడం లేదు. ఇంటిపైన మాత్రం మంచు తెల్లగా, పాలు కలిపినట్టు వెలుగుతోంది. తెల్లారిపోతోంది కాబోలు అనుకుని ఆమె వంగి మొదటి గీత గీసింది.

వెనక ఏదో పడింది. తడిబట్ట నేల మీద పడ్డట్టు మెత్తటి చప్పుడు.

తిరిగి చూసింది. చల్లిన నీళ్లలో ఒక పిట్ట. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట, పొడుగాటి ముక్కు. ఒంటిమీద ఎక్కడా గాయం లేదు. మెడ మాత్రం పక్కకు వాలిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

అప్పుడే ఇంటిపైనున్న తెల్లదనం ఎవరో నోటితో ఊదినట్టు ఆరిపోయింది. తెల్లారిందనుకున్న వీధి మళ్లీ చీకటైంది.

"మల్లొకటి పడ్డదా?"

నాగమణి ఉలిక్కిపడింది. పక్కింటి దుర్గమ్మ గోడ మీదుగా మెడ చాపి చూస్తోంది.

"మా ఇంట్ల పడలే. ఎదురింటి గురవయ్య ఇంట్ల పడలే. మీ ఇంటికే ఎందుకొస్తున్నయ్ నాగమణీ ఇవి?"

"జబ్బు చేసి చచ్చుంటదిలే పిన్నీ."

"జబ్బు పిట్ట చెట్టు కింద సస్తది. ఎంచుకున్నట్టు ముగ్గుల వడి సస్తదా?" దుర్గమ్మ గొంతు తగ్గించింది. "ఇది బాణామతి బిడ్డా. బయటోళ్లే చేయించాలని ఏం లేదు."

ఆ చివరి మాట నాగమణి చెవిలోంచి పోలేదు.

ఆ ఇంట్లో నలుగురు. నాగమణి, భర్త మహేందర్, రెండో తరగతి చదివే కూతురు హారిక, మహేందర్ అక్క కరుణ. పెళ్లయిన కొన్నేళ్లకే భర్తను పోగొట్టుకున్న కరుణ చివ్వెంల బడిలో టీచరు. తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ని పెంచి పెద్దచేసింది ఆమే. కింద పెరటివైపు గది ఆమెది. ఆ గదికీ పైనున్న తమ్ముడి గదికీ మధ్య ఈమధ్య ఒక చెరువంత దూరం పెరిగింది.

దానికి కారణం కూడా చెరువే. ఇంటి వెనక కట్ట ఎక్కితే గొల్లచెరువు. చలికాలం వస్తే ఎక్కడెక్కడి పిట్టలో దిగే చెరువు. దాని అంచు మట్టితో పూడ్చి బోటింగు, అద్దాల వంతెన, లైట్ల షో పెడుతున్నారు. వద్దంటూ ఊళ్లో కొందరు కట్ట మీద టెంటు వేశారు. బడినుంచి రాగానే కరుణ ఆ టెంటులో కూర్చుంటుంది. పెళ్లిళ్లకు లైట్లు కట్టే మహేందర్‌కు దొరికిన మొదటి పెద్ద పని అదే చెరువు లైట్లది. కట్ట కింద వీధిలో మూడంతస్తుల మేడ వీళ్లదొక్కటే కావడంతో, ఆకాశానికి కొట్టే పెద్ద లైటును దానిపైనే బిగించాడు. ఖరీదైన సరుకు కాబట్టి మేడ తలుపుకు తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులోనే పెట్టుకుంటున్నాడు.

"అక్క టెంట్ల, తమ్ముడు లైట్ల కాడ. ఊరంత నవ్వుతున్నది మణీ," అనేవాడు.

"మీరైనా చెప్పండి వదినకు."

"ఎవలు చెప్తె ఇంటది? నాకు అఆలు దిద్దిచ్చింది ఆమెనే."

*

చప్పుడు మొదలైంది ఆ మర్నాడు తెల్లవారుజామున.

టక్. టక్ టక్.

నాగమణి కళ్లు తెరిచింది. చప్పుడు కింది తలుపు దగ్గర కాదు, పైనుంచి వస్తోంది. మేడ మీది రేకు తలుపును ఎవరో అటువైపు నుంచి కొడుతున్నారు. లోపలి నుంచి తాళం వేసి ఉన్న తలుపు. మెట్లు తప్ప మరో దారి లేని మేడ.

"ఏమండీ... ఎవరో కొడుతున్నారు."

మహేందర్ లేచి మెట్లెక్కి తలుపు సందుకు చెవి పెట్టాడు. చప్పుడు ఆగిపోయింది. "ఎవరు?" అని అరిచాడు. వెనక్కి తిరగబోయాడో లేదో అతని తల పక్కనే రేకు ధన్‌మని మోగింది. మహేందర్ రెండేసి మెట్లు దూకుతూ కిందికొచ్చి గది తలుపు గడియ వేసుకున్నాడు. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు.

అదేరోజు హారికకు జ్వరం వచ్చింది. దవాఖానలో మందులిచ్చారు. తగ్గినట్టే తగ్గి సాయంత్రానికి మళ్లీ కాలిపోయింది.

పాప తడి గౌను ఆరేయడానికి నాగమణి పెరట్లోకి వెళ్లింది. జామచెట్టు వెనక ఎప్పుడూ ఎండుటాకులుండే చోట నేల శుభ్రంగా ఉంది. తవ్వి చదును చేసిన కొత్తమట్టి. దాని మీద బోర్లించిన గిన్నెల్లా చిన్న చిన్న దిబ్బలు, వరసగా. ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి.

నాగమణి గడ్డపలుగు కోసం కూడా చూడకుండా వేళ్లతోనే ఒక దిబ్బను గీరింది. లోపల గుడ్డమూట. విప్పితే చచ్చిన పిట్ట. గుడ్డ మీద పసుపు పూలు, మధ్యలో చిరిగిన చిన్న జేబు.

అది హారిక పాత గౌను.

ఆమె పెట్టిన కేకకు దుర్గమ్మ పరుగెత్తుకొచ్చి గోడ ఎక్కింది. దిబ్బలను చూసింది. గుడ్డను చూసింది. కరుణ గది కిటికీని చూసింది.

"నేన్చెప్పలె? పోరి బట్టల పిట్టను చుట్టి పాతిపెట్టింది. మా అమ్మగారి ఊర్లె గిట్లనే ఒకామె చేస్తె, ఊరోళ్లు పట్టుకుని ఆమె పండ్లు పీకిన్రు. మంత్రం పలుకొద్దని."

"పిన్నీ, ఎవరికీ చెప్పకు. నీకు దండం పెడతా."

"నేనెందుకు చెప్తనే?" అంటూనే దుర్గమ్మ గోడ దిగి వీధిలోకి నడిచింది.

*

కరుణ టెంటునుంచి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. ముందుగదిలో మహేందర్ నిలబడి ఉన్నాడు. నాగమణి ఆ గుడ్డను బల్ల మీద పడేసింది.

"వదినా, ఇది ఎవరిది?"

"హారికది. పాత గౌను."

"ఇందులో పిట్టను చుట్టి పాతిపెట్టిందెవరు?"

కరుణ భుజాన ఉన్న సంచి మెల్లగా కింద పెట్టింది. "నేనే."

నాగమణి బల్ల దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నువ్వా?" అన్నాడు మహేందర్. "ఏందక్కా ఇది? ఎందుకు?"

"కుక్కలు పీక్కపోతున్నయని పాతిపెట్టిన. ఆ గుడ్డ మణి మసిగుడ్డలల్ల వేసింది."

"అన్ని పిట్టలు ఏడికెల్లి అచ్చినయ్?"

కరుణ తమ్ముడి ముఖంలోకి చూసింది. తర్వాత కళ్లెత్తి ఇంటికప్పు వైపు చూసింది. మళ్లీ కళ్లు దించేసుకుంది.

"పడ్డయ్‌రా. తీసిన."

"మాకెందుకు చెప్పలే?"

కరుణ బల్ల మీది గుడ్డను మడత పెట్టసాగింది.

"టెంట్ల కూసున్నవ్, ఊకున్న. పేపర్ల నీ ఫోటో వడ్డది, ఊకున్న. నా లైట్లు బందు చేయనీకి ఇప్పుడు నా బిడ్డ మీదికే..."

"మహేందరూ!" కరుణ చేయెత్తి ఆపింది. "ఆ మాట పూర్తి చెయ్యకు. చేస్తె ఇగ నేను ఎనక్కి రాలేను."

అతను ఆగాడు. నాగమణి ఆగలేదు. "మాకు భయంగా ఉంది వదినా. పాప దగ్గరికి మాత్రం రాకండి."

ఆ పిల్ల పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్న చేతులవి. కరుణ ఆ చేతులు చీర కొంగులో దాచుకున్నట్టు చుట్టుకుంది. గదిలోకి వెళ్లి బట్టల సంచి తెచ్చుకుంది. తన బళ్లోనే పనిచేసే సరిత ఇంటికి చివ్వెంల పోతున్నానంది. గడప దాటి, ఒక్క క్షణం వెనక్కి తిరిగింది.

"పోరిని మేడ మీదికి పోనియ్యకు మణీ."

నాగమణి తలుపు గడియ వేసింది. అది బెదిరింపా? శాపమా?

*

తెల్లవారుజామున మళ్లీ మొదలైంది.

టక్. టక్ టక్. టక్.

నాగమణి పక్క మీద కూర్చుంది. వదిన ఇంట్లో లేదు. ఊళ్లోనే లేదు. మరి తలుపు కొడుతున్నదెవరు?

భయం ఉంది. కానీ ఆ భయం కన్నా పెద్దదేదో గుండెలో కదిలింది. వదిన పైకి చూసిన చూపు. 'మేడ మీదికి పోనియ్యకు' అన్న మాట. కొక్కేనికున్న మహేందర్ చొక్కాలోంచి తాళంచెవి తీసింది. చెప్పులు లేకుండా మెట్లెక్కింది. చీకట్లో తాళంచెవి రెండుసార్లు జారింది. తలుపు తోసింది.

తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. అటువైపు ఏదో మెత్తగా అడ్డుపడింది.

మేడ మధ్యలోంచి తెల్లటి స్తంభం ఒకటి మంచును చీల్చుకుంటూ ఆకాశంలోకి లేచి ఉంది. దాని చుట్టూ పిట్టలు. గానుగ చుట్టూ తిరిగే ఎద్దుల్లా, కళ్లకు గంతలు కట్టినట్టు, ఆ వెలుగు చుట్టూనే గుండ్రంగా తిరుగుతున్నాయి. బయటికి పోయే దారే లేనట్టు తిరుగుతున్నాయి. అలసిన ఒకటి వలయంలోంచి తెగి వచ్చి రేకు తలుపును గుద్దుకుంది. టక్. ఇంకొకటి పిట్టగోడ దాటి పెరట్లోకి రాలింది. ఒకటి నాగమణి భుజానికి తగిలి కాళ్ల దగ్గర పడింది. దాని గుండె ఇంకా కొట్టుకుంటోంది. నేల నిండా రెక్కలు. తలుపు మీద సొట్టలు, సొట్టల్లో అంటుకున్న ఈకలు.

"మణీ!" మహేందర్ వెనకే పరుగెత్తుకొచ్చాడు. వచ్చి, అక్కడే నిలబడిపోయాడు.

"పొద్దున కట్ట మీద వాకింగుకొచ్చేటోళ్లు సూడాలని చెరువు పనోళ్లన్నరు... గీ టైమర్ నేనే పెట్టిన," అన్నాడు, ఎవరో అడిగినట్టు.

అడుగులో అడుగు వేసుకుంటూ, పిట్టలను తొక్కకుండా వెళ్లి మీట దించాడు. ఒక్కసారిగా చీకటి. తలపైన రెక్కల చప్పుడు గజిబిజిగా తిరిగింది. మెల్లగా వదులైంది. ఒక్కొక్కటే చెరువు వైపు సాగిపోయింది. అతను నేలమీద కూలబడ్డాడు.

"అక్క నిన్న పైకి సూసింది మణీ. టెంట్ల ఒక్క మాట చెప్తె వాళ్లు గెలుస్తుండె, నేను ఖతమైతుంటి. చెప్పలే. మనం లేవకముందే లేసి, నేను చంపిన పిట్టలను ఏరి పాతిపెట్టింది."

నాగమణికి ఆ చిన్న దిబ్బలు గుర్తొచ్చాయి. ఒక్కోదాని మీద ఒక్కో రాయి. అప్పుడే కింద గేటు గడియ మోగింది.

*

వాకిట్లో దుర్గమ్మ, ఆమె వెనక వీధివాళ్లు. ఒకతని చేతిలో కట్టె ఉంది.

"కరుణను బయటికి పిలువుండ్రి," అన్నాడతను. "చేసిందెవలో తేలాలె."

మేడ మీద మహేందర్ ఆ మాట విన్నాడు. కప్పుకున్న శాలువా తీసి అందులో పిట్టలను మూటకట్టాడు. నాగమణి వెంట రాగా కిందికి తెచ్చి వాకిట్లో, ముగ్గు వేసే చోట, పరిచాడు.

"సూడుండ్రి. మంత్రం లేదు, తంత్రం లేదు. నా లైటు. మేడ మీద నేను పెట్టిన లైటుకు తిరిగి తిరిగి సచ్చినయ్. కావాలంటె పైకి పోయి సూసి రాండ్రి."

గురవయ్య దగ్గరికొచ్చి గుసగుసలాడాడు. "పదిమందిల అనకు మహేందర్. కాంట్రాక్టు పోతది."

"పోనీ తాతా. మా అక్క ఇల్లిడిచి పోయింది కదా, అంతకన్న ఏం పోతది?"

కట్టె పట్టుకున్నతను దాన్ని వెనక్కి దాచుకున్నాడు. దుర్గమ్మ ఏదో అనబోయింది. నాగమణి ఆమె ఎదురుగా నిలబడింది.

"మొదట అనుమానపడింది నేను పిన్నీ. కేక పెట్టి నీకు చూపించింది కూడా నేనే. పళ్లు పీకాలంటే ముందు నావి పీకండి."

దుర్గమ్మ తల దించుకుంది.

మహేందర్ పిట్టలను మళ్లీ మూటకట్టుకుని చెరువు కట్ట ఎక్కాడు. టెంటులో అందరి ముందూ దాన్ని విప్పి, తన పేరు తానే చెప్పుకున్నాడు. పొద్దెక్కేసరికి ఆ ఫోటో ఊళ్లో ప్రతి ఫోన్లోకీ చేరింది. సాయంత్రానికి కాంట్రాక్టు రద్దయిందని కబురొచ్చింది. అవతలి గట్టున మట్టి లారీలు మాత్రం ఆగలేదు. టెంటులో ఆరోజు నుంచి ఒక మనిషి ఎక్కువయ్యాడు.

కరుణ ఫోను ఎత్తలేదు. నాగమణి చేస్తూనే ఉంది.

*

మర్నాడు తెల్లవారుజామున ఆమెకు మెలకువ వచ్చింది. అలవాటుగా చెవి పైకి పెట్టింది. మేడ మీద చప్పుడు లేదు. పక్కన హారిక ఒళ్లు చల్లగా ఉంది. కట్ట అవతలి నుంచి మంచులో తడిసిన పిట్టల అరుపులు వినిపిస్తున్నాయి.

అప్పుడు మోగింది.

టక్. టక్ టక్.

ఈసారి కింద.

నాగమణి కొంగు కూడా సర్దుకోకుండా పరుగెత్తి తలుపు తీసింది. గడప అవతల బట్టల సంచితో కరుణ. జుట్టు మీద మంచు.

"ఫోన్ల ఆ ఫోటో సూసిన. మొదటి బస్సు దొరికింది," అంది. "పైన చప్పుడు లేదు కదా?"

"లేదు వదినా." నాగమణి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నన్ను ఒక్క మాటైనా అనండి. కొట్టండి. ఇట్లా నిలబడకండి."

"ఏమనాలె మణీ? నా తప్పు లేదా? చెప్తె మొదలు వాని పేరే బయటవడ్తది. చెప్పకుంటె పిట్టలు సస్తయ్. ఇయ్యాల చెప్త, ఇయ్యాల చెప్తనని రోజూ లేస్తుంటి. వానికి అన్నం దినిపిచ్చిన చెయ్యి... లేవలే. పాతిపెట్టి, రాయి పెట్టి, మాఫ్ చెయ్యుండ్రని మొక్కుతుంటి."

మెట్ల మీద మహేందర్ నిలబడి ఉన్నాడు. కిందికి రావడానికి ధైర్యం చాలక అక్కడే ఆగిపోయాడు. భుజాన మేడమీంచి ఊడదీసిన ఆ పెద్ద లైటు, దాని వైర్లు మెడ చుట్టూ వేలాడుతున్నాయి.

కరుణ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "దిగురా. జారితె ఆ లైటు కాదు, నీ కాలు విరుగుతది."

అతను దిగాడు. లైటు పక్కన పెట్టి, చిన్నప్పుడు బళ్లో దెబ్బలు తిని వచ్చినప్పటిలాగే ఆమె భుజం మీద తల ఆనించాడు. కరుణ చేయి ఈసారి కొంగులో దాగలేదు.

"జర చాయ్ పెట్టు మణీ. బస్సుల సలికి గడ్డ కట్టిన," అంది తమ్ముడి తల నిమురుతూ.

నాగమణి వంటింట్లోకి వెళ్లింది. స్టవ్ మీట చేతికి అందడానికి చాలాసేపు పట్టింది. కళ్లనిండా నీళ్లు, ఏదీ కనబడడం లేదు.